ఖాళీగా తిరిగొచ్చిన గిన్నెలు

ఉప్పక్కకు ఆ పేరు ఊరికే రాలేదు. వరసగా పెట్టిన బిందెల్లో ఏదో ఒకదాంట్లో చిటికెడు ఉప్పు కలిపి పెడితే, ఏ బిందెలో కలిపారో ఒక్కో గుక్క నోట్లో పోసుకుని చెప్పేసేది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇది నలుగురూ చుట్టూ మూగి చూసే వింత. ఇప్పుడెవరూ చూడరు, ఆవిడకూ చూపించే ఓపిక లేదు. పేరు మాత్రం జిడ్డులా అంటుకుపోయింది. డైరెక్టరు గారి దగ్గర్నుంచి గేటు కాపలా మనిషి దాకా అందరికీ ఆవిడ ఉప్పక్కే.

పంటల పరిశోధన సంస్థలో రుచిగదికి ఆవిడ పెద్ద. రుచిగది అంటే వినడానికి నోరూరుతుంది గానీ, లోపలికెళ్ళి చూస్తే ఉన్న ఆకలి చచ్చిపోతుంది. కిటికీల్లేని పొడుగాటి గది. గోడవారగా చెక్కపలకల అడ్డాలు పెట్టి కట్టిన గూళ్ళు, గూటికో స్టూలు, నెత్తి మీద ఎర్ర దీపం. ఆ వెలుగులో టమాటా, బంగాళాదుంప, బొగ్గుముక్క అన్నీ ఒకే రంగులో ఉంటాయి. కళ్ళు అడ్డం పడకుండా నాలుక ఒక్కటే తీర్పు చెప్పాలని ఆ ఏర్పాటు. గూట్లోవాళ్ళు పక్క గూటితో మాట్లాడకూడదు. బావుందని తలూపకూడదు, బాగాలేదని మొహం చిట్లించకూడదు. నోట్లో నాలుక లేనివాళ్ళలా కూర్చుని నాలుకతోనే బతకాలి అని ఉప్పక్క నవ్వేది.

వీటన్నిటినీ మించిన నియమం ఇంకోటుంది. అక్కడ ఎవరూ ఏదీ మింగరు. నమిలి, నాలుక మీద అటూ ఇటూ తిప్పి, అంగిటికి తగిలించి, చేతిలో ఉన్న స్టీలు గ్లాసులో ఉమ్మేస్తారు. గోరువెచ్చని నీళ్ళతో పుక్కిలించి, ఎండురొట్టె ముక్క కొరికి, అదీ ఉమ్మేసి తరవాతి గిన్నె అందుకుంటారు. పూటకు అన్నేసి గిన్నెలు మింగుతూ పోతే కడుపు నిండుతుంది, కడుపు నిండితే నాలుక బద్ధకిస్తుంది. పని అయ్యాక గ్లాసులన్నీ గది మూలనున్న తొట్టిలో గుమ్మరిస్తారు. కొత్తరకం పంటల ఎంగిలి బయటి కాలవల్లో కలవకూడదు గనక ఆ తొట్టి గొట్టం నేరుగా భూమిలో కట్టిన ట్యాంకులోకి పోతుంది.

గది అవతలి గోడ వెనక వంటిల్లు, దాని వెనక పరిశోధకుల గదులు. గోడలో ఒక చిన్న జారుడు తలుపు. దాంట్లోంచి గిన్నెలు వస్తాయి, దాంట్లోంచే ఖాళీ అయి వెళ్ళిపోతాయి. పంటను తయారు చేసినవాళ్ళు రుచిగదిలో అడుగు పెట్టడానికి వీల్లేదు. తల్లి ఎదురుగా నిలబడి గుడ్లప్పగించి చూస్తుంటే పిల్ల పాట బాగాలేదని ఎవరంటారు? అందుకని ఆ గోడ.

ఇరవై ఏళ్ళు దాటాయి ఉప్పక్క ఆ గోడకు ఇవతల కూర్చుని. ఇప్పుడు ఆవిడ నోరు అలిసిపోయింది. ఇంట్లో భోజనానికి కూర్చున్నా మొదటి ముద్దకే పులుపెంత, చేదెంత, పీచెంత అని లోపల ఎవరో లెక్క మొదలుపెడతారు. తోడికోడలు "ఎలా ఉందక్కా?" అని అడిగితే "బావుంది" అనే ముందు ఒక్క క్షణం ఆగుతుంది. ఆ క్షణానికే తోడికోడలి మొహం ముడుచుకుపోతుంది. ఉద్యోగం చివరికొచ్చింది. ఏ తలనొప్పీ నెత్తికి రాకుండా బయటపడితే చాలని ఉప్పక్క రోజులు నెట్టుకొస్తోంది.

సరిగ్గా అలాంటప్పుడే ఒక మధ్యాహ్నం దుంపల డాక్టరమ్మ టీ కప్పుతో వచ్చి క్యాంటీన్లో ఎదురుగా కూర్చుంది.

ముప్పై దాటిన పిల్ల. మందులిచ్చే డాక్టరు కాదు, బంగాళాదుంపల మీద చదివి చదివి డాక్టరైంది. ఎప్పుడు చూసినా గోళ్ళలో మట్టి, కళ్ళకింద నలుపు. మాడు తెగులు పట్టని దుంపను తయారు చేసింది ఆ పిల్లే. ఆ తెగులు వచ్చిందంటే నిన్న పచ్చగా ఉన్న చేను ఇవాళ్టికి కాల్చినట్టు నల్లబడుతుంది, నేల లోపల దుంపలు కుళ్ళి కంపు కొడతాయి. గట్ల మీద పెరిగే ఒక పిచ్చిమొక్కకు మాత్రం ఆ తెగులు సోకదు. దాని జన్యువు ఒకటి తెచ్చి డాక్టరమ్మ దుంపలో పెట్టింది. తెగులు ఆగింది.

అయితే ఆ పిచ్చిమొక్కను గొడ్లు కూడా ముట్టవు. మనుషులు తిన్నారని ఎవరూ ఎక్కడా వినలేదు. దాని జన్యువు వల్ల దుంపలో కొత్తగా తయారయ్యే పదార్థం మనిషి ఒంటికి పడుతుందా, కొందరికి పడి కొందరికి పడకుండా పోతుందా అన్నదే అనుమానం. ఎలుకలకు పడింది. గాజు గొట్టంలో పోసిన జీర్ణరసంలో ఇట్టే కరిగిపోయింది. ఇక మిగిలింది మనుషులు. మర్నాడు అనుమతుల సంఘం సంస్థకు రాబోతోంది. వాళ్ళు సరేనంటే ఈ పంటకాలానికే చుట్టుపక్కల రైతులకు విత్తనం ఇస్తారు. మొదట పండిన దుంపలు బడిపిల్లల భోజనానికి వెళ్తాయి.

"రేపంటే నాకు భయం లేదక్కా," అంది డాక్టరమ్మ టీ ఊదుకుంటూ. "ఎలుకల సంగతి అడిగితే నేను చెప్తా. మనుషుల సంగతి అడిగితే మీరున్నారు. మీ గదివాళ్ళు మూడేళ్ళ నుంచి తింటున్నారు, ఒక్కళ్ళకి దద్దురు కూడా రాలేదు. అదే మాకు కొండంత అండ."

ఉప్పక్క కప్పును నోటిదాకా తీసుకెళ్ళి ఆపింది. "ఎవరు తింటున్నారు?"

"మీరే. మీ గదివాళ్ళంతా."

"మేమెప్పుడు తిన్నామమ్మా?"

పెద్దావిడ ఆట పట్టిస్తోందనుకుని డాక్టరమ్మ నవ్వింది. "అదేంటక్కా, గిన్నెలన్నీ ఖాళీగా వచ్చేవిగా! ఒక్క ముక్క మిగిల్చేవాళ్ళు కాదు. నా దుంప అంత బావుందా అని మురిసిపోయేదాన్ని."

ఉప్పక్క కప్పు బల్ల మీద పెట్టేసి, డాక్టరమ్మ మణికట్టు పట్టుకుని లేపింది. వరండా దాటించి రుచిగది గుమ్మం దాకా నడిపించుకెళ్ళింది. అక్కడికి రాగానే ఆ పిల్ల కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి.

"నేను రాకూడదు కదక్కా."

"రామ్మా. రాకూడదని గోడ కట్టుకునే ఇక్కడిదాకా తెచ్చుకున్నాం."

ఎర్ర దీపాలు ఆర్పి తెల్ల దీపం వేసింది. గూళ్ళలో కడిగి బోర్లించిన స్టీలు గ్లాసులు. మూలన తొట్టి, దాని అడుగున ఉదయం తాలూకు నమిలిన దుంప పిప్పి ఇంకా కొంచెం అంటుకుని ఉంది. డాక్టరమ్మ గ్లాసులను చూసింది, తొట్టిని చూసింది, మళ్ళీ గ్లాసులను చూసింది. తరవాత మెల్లగా ఒక స్టూలు మీద కూర్చుండిపోయింది.

"నేను చదువుకున్న చోట మింగేవాళ్ళక్కా," అంది. "అందరూ మింగేవాళ్ళు. ఇక్కడ ఉమ్మేస్తారని నాకు ఎవరూ..."

"ఎవరు చెప్తారు? మాకేమో అందరికీ తెలిసిందే కదా అనిపించింది. నీకేమో అడగాల్సిన సంగతే అనిపించలేదు."

"అయితే ఆ దుంప ఇంతవరకూ ఒక్క మనిషి కడుపులోకి కూడా పోలేదా?"

"నాకు తెలిసి పోలేదు."

డాక్టరమ్మ నవ్వబోయి, అది ఏడుపులోకి తిరగడంతో మొహం చేతుల్లో దాచుకుంది. ఉప్పక్క ఆ పిల్ల వీపు మీద చెయ్యేసి నిలబడింది. ఆవిడకు ఆ పిల్ల మీద జాలితో పాటు తన మీద తనకే చెప్పలేనంత విసుగు పుట్టింది. ఇంకో ఏడాది ఆగితే ఈ గొడవ తన తరవాతి మనిషి నెత్తిన పడేది కదా అనిపించింది. అనిపించినందుకు సిగ్గేసింది.

ఇద్దరూ కలిసి డైరెక్టరు గారి గదికి వెళ్ళారు. ఆయన చెడ్డవాడేం కాదు, అలిసిపోయిన మనిషి. సొరుగు తెరిస్తే కాగితాలకన్నా ముందు కడుపుమంట మాత్రలు కనిపిస్తాయి. మొత్తం విని, ఒక మాత్ర నోట్లో వేసుకుని చప్పరిస్తూ కళ్ళు మూసుకున్నాడు.

"ఉప్పక్కా, రేపు మిమ్మల్ని నేను అబద్ధం చెప్పమనను. 'మా వాళ్ళెవరికీ ఏ ఇబ్బందీ రాలేదు' అనండి, కూర్చోండి. అది నిజమే కదా?"

"నిజమేనండి. లోపలికి పోనిదానివల్ల ఇబ్బందేం వస్తుంది?"

"వెటకారం వద్దు. మిగతా పరీక్షలన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఈ దుంప మంచిదే. నా పిల్లలకి పెట్టమన్నా పెడతా. ఇప్పుడీ సంగతి బయటపడితే ఏడాది వెనక్కి పోతాం. రైతులు ఇంకో పంట పోగొట్టుకుంటారు. పైగా ఈ దుంపంటే పడనివాళ్ళు, 'అదిగో, విషం కాబట్టే ఉమ్మేశారు' అంటారు. వాళ్ళ నోరు మూయించడం ఎవరి తరం?"

ఆయన చెప్పిన ప్రతి మాటా నిజమే. ఉప్పక్కను ఎక్కువ కుంగదీసింది అదే. ఎదుటి మనిషి దొంగమాటలు చెప్తుంటే కోపం తెచ్చుకుని బయటికి వచ్చేయొచ్చు. సబబైన మాటలు చెప్తుంటే కుర్చీలోంచి లేవడానికి కూడా ఒంట్లో బలం ఉండదు.

వరండాలోకి వచ్చాక డాక్టరమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. "నాకు చెప్పాలనే ఉందక్కా. కానీ ఆరేళ్ళ పని. నా నోటితో నేనే వద్దనలేకపోతున్నా."

"నిన్నెవరూ అడగర్లే," అంది ఉప్పక్క. "అడిగేది నన్ను."

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మరిది తన తెల్లచొక్కాకు ఇస్త్రీ చేసుకుంటూ హుషారుగా ఈల వేస్తున్నాడు. ఉప్పక్క పెళ్ళై ఆ ఇంటికి వచ్చేనాటికి వాడు ముక్కు తుడుచుకోవడం కూడా రానివాడు. తనే స్నానాలు చేయించి, తనే బడికి పంపింది. భర్త పోయాక మరిదీ తోడికోడలే ఆవిడకు ఇల్లు, వాకిలి. ఊరి అంచున కౌలుకు తీసుకున్న నేలలో వాడు బంగాళాదుంపలు వేస్తాడు. వరసగా రెండేళ్ళు మాడు తెగులు వచ్చి చేను చేనంతా నల్లబడిపోయింది. కుళ్ళిన దుంపల కంపు వాడి బట్టల్లోంచి ఎంత ఉతికినా పోయేది కాదు. మూడోసారీ పోతే కౌలు వదులుకుని ఏ గోదాము ముందో కాపలాకు కూర్చోవాలి. కొత్త విత్తనం మీద నమ్మకంతో ఈసారి పాత విత్తనం వద్దని కూడా చెప్పేశాడు.

"రేపు నేనూ వస్తున్నా వదినా, నీ పక్కనే కూర్చుంటా. నువ్వు సరే అనగానే చప్పట్లు మొదలెట్టేది నేనే."

ఉప్పక్క చెప్పులు కూడా విప్పకుండా గడప మీద కూర్చుంది. "మేం తినలేదురా," అంది. జరిగిందంతా చెప్పింది.

వాడు ఇస్త్రీపెట్టె నిలబెట్టి విన్నాడు. "అయితే ఏంటి? ఎలుకలు తిన్నాయిగా?"

"తిన్నాయి."

"అవి బానే ఉన్నాయిగా?"

"బానే ఉన్నాయి."

"మరింకేంటి నీ బాధ?"

"రేపు అడుగుతార్రా. మీరు తిన్నారా అని అడుగుతారు. ఏం చెప్పను?"

"ఏం చెప్పకు. నువ్వు నోరు మూసుకుంటే మా నోట్లోకి నాలుగు మెతుకులు పోతాయి." ఆ మాట అనేశాక వాడే నాలుక కరుచుకున్నాడు. అంతలోనే కోపం మళ్ళీ తన్నుకొచ్చింది. "ఇన్నేళ్ళూ గ్లాసుల్లో ఉమ్మావు. ఇప్పుడు మా మొహాన ఉమ్ముతావా?"

ఉప్పక్క ఉలిక్కిపడింది. తను పెంచిన పిల్లాడు ఎప్పుడూ అలా మాట్లాడలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ, చెంగుతో తుడుచుకునే ఓపిక కూడా లేక అలాగే ఉండిపోయింది.

వంటింటి గుమ్మంలో తోడికోడలు నిలబడి ఉంది. బడిలో పిల్లలకు భోజనం వడ్డించే పని ఆవిడది. చేతిలో గుడ్డ నలుపుతూ, "మొన్న మీ డాక్టరమ్మ మా బడికొచ్చి చెప్పి వెళ్ళిందక్కా, మీరంతా తింటున్నారని," అంది. "అప్పట్నుంచీ తల్లులు అడిగితే నేనూ అదే చెప్తున్నా. మా అక్క మూడేళ్ళుగా తింటోంది, చూడండి రాయిలా ఉంది అని. నిన్న కూడా ఒకామెకి చెప్పా. వాళ్ళ పిల్లకి గుడ్డు తింటేనే ఒళ్ళంతా దద్దుర్లు."

"నువ్వూ మొదలెట్టావా?" అన్నాడు మరిది.

"నేనేం అన్లేదు. గరిటె నా చేతిలో ఉంటుంది, అదే చెప్తున్నా."

మరిది ఇస్త్రీపెట్టె వైరు లాగేసి బయటికి వెళ్ళిపోయాడు. చొక్కా ఒక చెయ్యి ఇస్త్రీ అయి, ఒక చెయ్యి నలిగి, బల్ల మీదే పడుంది. మిగిలిన సగం ఉప్పక్కే ఇస్త్రీ చేసి కొక్కేనికి తగిలించింది.

మర్నాడు సంస్థ సభాగది కిటకిటలాడింది. పైన ఫ్యాను గాలికన్నా చప్పుడు ఎక్కువ చేస్తోంది. ఒక పక్క విత్తనం కోసం వచ్చిన రైతులు, ఇంకో పక్క జన్యువులు మార్చిన తిండి మాకొద్దని అట్టలు పట్టుకున్నవాళ్ళు. మరిది వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. వదిన పక్కన కూర్చుంటానన్న మాట మర్చిపోయినట్టున్నాడు. తెల్లచొక్కా మాత్రం వేసుకొచ్చాడు.

డాక్టరమ్మ తన వంతు బాగానే చెప్పింది. ఎలుకలు, జీర్ణరసం, తెగులు లెక్కలు. మనుషుల ఊసు ఎత్తకుండా కూర్చుంది. సంఘం అధ్యక్షురాలు కళ్ళజోడును ముక్కు చివరికి జార్చి, ఉప్పక్క వైపు తిరిగింది.

"మీ గదివాళ్ళు మూడేళ్ళుగా ఈ దుంప తింటున్నారని విన్నాం. ఎవరికైనా ఇబ్బంది వచ్చిందా?"

ఉప్పక్క లేచింది. డైరెక్టరు గారు నేర్పిన వాక్యం నాలుక చివరే ఉంది. అది అనేసి కూర్చుంటే ఇంటికెళ్ళి పడుకోవచ్చు. వెనక గోడ దగ్గర తెల్లచొక్కా కనిపిస్తోంది. గుడ్డుకే దద్దుర్లు వచ్చే ఒక పిల్ల కూడా, ఎన్నడూ చూడకపోయినా, ఎందుకో కళ్ళముందు నిలబడింది.

"ఇబ్బంది రాలేదండి," అంది. "ఎందుకంటే మేం తినలేదు. నమిలి ఉమ్మేశాం."

అట్టలవాళ్ళలోంచి ఒకాయన లేచి, "విన్నారా! విషం కాబట్టే ఉమ్మేశారు!" అని అరిచాడు.

ఉప్పక్కకు ఒళ్ళు మండిపోయింది. "అరటిపండు ఇచ్చినా ఉమ్మేస్తాం బాబూ, అది మా పని! విషమని నేనన్నానా? మంచిదని కూడా అన్లేదు. తినలేదన్నాను. ఉన్న మాట చెప్పాను, దానికి తోకలు తగిలించకండి."

అధ్యక్షురాలు డాక్టరమ్మను చూసింది. డాక్టరమ్మ లేచి నిలబడి, "నిజమేనండి. గిన్నెలు ఖాళీగా వస్తే తిన్నారనుకున్నాను. అది నా పొరపాటు," అంది.

సంఘం లోపలికెళ్ళి మాట్లాడుకుని వచ్చింది. ముందుగా పెద్దవాళ్ళు, ఏం తింటున్నారో తెలిసి, ఇష్టపడి తినాలి. వైద్యులు కనిపెట్టుకుని ఉండాలి. ఆ తరవాతే విత్తనం, ఆ తరవాతే బడి. అంటే ఈ పంటకాలానికి లేనట్టే. రైతుల్లోంచి ఒక నిట్టూర్పు లేచింది. ఉప్పక్క తల తిప్పి చూసేసరికి వెనక గోడ దగ్గర తెల్లచొక్కా లేదు.

ఆ తరవాతి రోజులు ఎలా గడిచాయో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, ఈడ్చుకుంటూ గడిచాయి. అట్టలవాళ్ళు ఉప్పక్కకు పూలగుత్తి తెచ్చారు. ఆవిడ తీసుకోలేదు. సంస్థలో కొందరు ఆవిడ వస్తుంటే మాటలు ఆపేసేవారు. మరిది నానా తిప్పలు పడి ఎవరో వద్దనుకున్న పాత విత్తనం తెచ్చి ఆలస్యంగా వేశాడు. రోజు విడిచి రోజు మందు కొట్టి కళ్ళు ఎర్రగా చేసుకుని వచ్చేవాడు. "దీని దుంప తెగ!" అని చేనుని తిట్టడం వినిపించేది గానీ, వదినతో మాత్రం ఒక్క ముక్క మాట్లాడేవాడు కాదు. ఆవిడ ముందుగదిలో ఉంటే పెరటి తలుపున వచ్చేవాడు. తోడికోడలు ఇద్దరికీ వేర్వేరుగా వడ్డించి, ఇద్దరితోనూ వాతావరణం గురించి మాట్లాడేది.

సంస్థవాళ్ళు తినేవాళ్ళ కోసం వెతికారు. విషమన్నవాళ్ళు రారు, సరే. బంగారమన్నవాళ్ళూ రాలేదు. విత్తనం కోసం గొంతు చించుకున్న రైతులకు ఆ వారం అంతా పనులే పనులు. పిల్లలకు పెట్టమన్నా పెడతానన్న డైరెక్టరు గారికి కడుపుమంట, ఆయన వైద్యుడు ససేమిరా అన్నాడు. రుచిగదివాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"నేను తింటా," అంది ఉప్పక్క, ఇక ఆ మొహాలు చూడలేక.

మొదటి రోజు రుచిగదిలో తెల్ల దీపమే వేశారు. రుచి తీర్పుతో పనిలేదు గనక డాక్టరమ్మ కూడా లోపలికి రావచ్చు. వైద్యుడు ఉప్పక్క రక్తపోటు చూసి, సూదిమందు చేతికందేలా పెట్టుకుని కూర్చున్నాడు. గిన్నె నిండా ఉడికిన దుంప ముక్కలు. ఎప్పుడూ ఉండే నంబరు లేదు, దుంప పేరే రాసి ఉంది.

ఉప్పక్క ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. నమిలింది. కొంచెం తీపి, చివర్లో లేశమాత్రం చేదు, పిండి బావుంది. లోపలి లెక్క తనంతట తనే పూర్తయింది. ఇక మింగాలి. గొంతు తెరుచుకోలేదు. కుడిచెయ్యి గాల్లో స్టీలు గ్లాసు కోసం తడుముకుంటోంది. కళ్ళు మూసుకుని మళ్ళీ ప్రయత్నించింది. ముక్క అంగిటి దాకా పోయి వెనక్కి వచ్చింది. భయమేమో అని తనను తాను అడిగి చూసుకుంది. ఉంది, కొంచెం. అంతకన్నా ఎక్కువ అలవాటు.

"అక్కా, మింగాలి," అంది డాక్టరమ్మ మెల్లగా.

నోరు నిండుగా ఉండి ఉప్పక్క జవాబివ్వలేకపోయింది. తెలుసన్నట్టు తలూపింది. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. ఈ వయసులో, ఇంతమంది ముందు, మింగడం రాని పసిపిల్లలా కూర్చున్నానే అని ఆవిడకు ప్రాణం విసిగిపోయింది.

తలుపు తోసుకుని ఎవరో వచ్చారు. తెగులు మందు వాసన ముందు వచ్చింది, మనిషి తరవాత వచ్చాడు. మరిది. కాళ్ళకు చేలో మట్టి అలాగే ఉంది. ఎవరి వైపూ చూడకుండా పక్క గూట్లో స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఏం తింటున్నారో తెలుసుగా?" అంది డాక్టరమ్మ. ఇప్పుడు ఆ పిల్ల ఎవరినైనా ముందు అదే అడుగుతోంది.

"తెలుసు. పిచ్చిమొక్క కలిసిన దుంప. మీ వదిన ఒక్కదాని కడుపు సరిపోదు, ఇంకా జనం కావాలని మా ఆవిడ చెప్పింది. తినేవాళ్ళు లేక వచ్చే ఏడు కూడా విత్తనం ఆగిపోతే నేనెక్కడికి పోను?"

ఉప్పక్క ముక్కను బుగ్గలోకి నెట్టి, "కోపం పోయిందా?" అని అడిగింది.

"పోలేదు. నాకో గిన్నె ఇటు జరుపు."

వైద్యుడు తన రక్తపోటు చూస్తున్నంతసేపూ మరిది గిన్నె వంకే చూస్తున్నాడు. పొద్దున్నుంచీ చేలో ఉన్నవాడు, ఆకలి మీదున్నాడు. సరేననగానే రెండు ముక్కలు ఒకేసారి నోట్లో వేసుకుని, నాలుగుసార్లు నమిలి గుటుక్కున మింగేశాడు. మింగి, మొహం వికారంగా పెట్టాడు.

"చప్పగా చచ్చింది. ఉప్పెయ్యలేదేంటి? ఇంత పేరు పెట్టుకుని కూర్చున్నావు, చిటికెడు ఉప్పుకి గతి లేదా వదినా ఇక్కడ?"

ఎన్ని రోజుల తరవాతో వాడి నోట వదినా అన్న పిలుపు. ఉప్పక్కకు నవ్వొచ్చింది. నవ్వు ఆపుకోబోయి గుటక పడింది, గుటకతో పాటు ముక్క కూడా జారిపోయింది. ఒక్కసారి గుండెల మీద చెయ్యి పెట్టుకుని ఆగింది. ఏమీ కాలేదు. ఒక్క ముక్కతో తేలే సంగతి కాదని ఆవిడకూ తెలుసు, ఇంకా చాలా రోజులు, చాలా మంది కావాలి. అయినా ఇంకో ముక్క తీసుకుంది.

ఇద్దరూ మాట్లాడుకోకుండానే గిన్నెలు ముగించారు. ఉప్పక్క అలవాటుగా రెండు గిన్నెలూ తీసి జారుడు తలుపులో పెట్టింది. డాక్టరమ్మ వాటి వంక చూడలేదు. నేరుగా మూలకు నడిచి, తొట్టి మీదికి వంగి, అడుగు దాకా వేలితో రాసి చూసింది. పొడిగా ఉంది.